అమ్మకి ఆదాయం లేదని వాళ్లంటే మీరు ఒప్పుకోకండి

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ అమ్మగారికి 43 ఏళ్లు. తెల్లవారుజామున కేంద్రంలో పాలు పోసి తిరిగి వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, ఆసుపత్రికి చేర్చేలోపే పోయారు. ఇంట్లో నాన్నగారు, ఇంటర్ చదివే తమ్ముడు, పక్షవాతంతో మంచాన ఉన్న నాయనమ్మ. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశారు. ఇన్సూరెన్స్ తరఫున వచ్చినాయన ‘ఆవిడకి ఆదాయం లేదు కదమ్మా, ఎంత తిరిగినా ఐదు లక్షలు దాటదు’ అన్నాడు. నాన్నగారు కూడా ‘ఇంట్లో ఉండే మనిషికి ఏం లెక్క కడతారు, ఇచ్చింది తీసుకుందాం’ అంటున్నారు. అమ్మ చేసిన పనికి నిజంగా విలువ కట్టరా అని మీ ప్రశ్న.

కడతారు. కట్టించుకోవడం మాత్రం మీ చేతుల్లో ఉంది. నేను కోస్తాలో ఒక జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల కేసులు, మా మాటల్లో ఎం.వి.ఓ.పి.లు, చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. కొంతకాలం ఇన్సూరెన్స్ ప్యానెల్‌లో కూడా ఉన్నాను కాబట్టి అవతలివాళ్లు ఎక్కడ తగ్గిస్తారో, ఏం అడిగి తగ్గిస్తారో బాగా తెలుసు.

ముందు ఆ ఐదు లక్షల సంగతి. మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ ఉంది. తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండా, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇవ్వాలని అది చెబుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బు త్వరగా చేతికొచ్చే దారే. కానీ ఆ 5 లక్షలు పుచ్చుకుని సెటిల్ అయిపోయినట్టు సంతకం పెడితే, 166వ సెక్షన్ కింద వేసుకునే పెద్ద క్లెయిము అక్కడితో రద్దయిపోతుంది. ఆ వచ్చినాయన ఈ రెండో ముక్క మీకు చెప్పి ఉండడు. నాన్నగారిచేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి.

166 కింద పిటిషన్ ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేసేయండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు కాపురం ఉండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో, అంటే ఈ కేసులు విచారించే కోర్టులో, కూడా వేయొచ్చు. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు కాపీలు తీసుకోండి. అమ్మ వయసుకి స్కూలు సర్టిఫికెట్ ఏదైనా ఉంటే వెతికి పట్టండి. వయసు తేల్చడానికి ఆధార్ కన్నా స్కూలు సర్టిఫికెట్టుకే విలువ ఎక్కువని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు మూడేళ్ల తేడాకే లక్షలు మారిపోతాయి.

ఇక అసలు విషయం. జీతం లేని మనిషి పనికి కోర్టు లెక్క ఎలా కడుతుంది? ఈ లెక్క ఒక్కరోజులో రాలేదు. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక ఉక్కు కంపెనీ వేడుకలో మంటలు లేచి చాలామంది చనిపోయారు. వాళ్లలో ఎందరో గృహిణులు. వాళ్ల సేవలకి ఏడాదికి 12,000 రూపాయలని మొదట లెక్క వేశారు. 2001లో సుప్రీంకోర్టు అది మరీ తక్కువని చెప్పి, 34 నుంచి 59 ఏళ్ల వాళ్లకి నెలకి 3,000 చేసింది. అప్పట్లో అది పెద్ద మలుపే. విచిత్రం ఏమిటంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ 3,000 పట్టుకుని కోర్టుకొచ్చే ఇన్సూరెన్స్ వకీళ్లు ఉన్నారు. మీ ఇంటికొచ్చినాయన మనసులో ఉన్నది కూడా అదే అయ్యుంటుంది. 3,000లో ఆవిడ సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేసి, మిగిలినదాన్ని ఏడాదికి లెక్కగట్టి, ఆవిడ వయసుకి తగ్గ గుణకంతో (ఎన్నేళ్ల ఆదాయం లెక్క కట్టాలో వయసుని బట్టి చెప్పే అంకె) హెచ్చవేస్తే 3 లక్షల 36 వేలు. దాని పక్కన 5 లక్షలు దానంలాగే కనిపిస్తాయి మరి.

2010లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కేసు ఒకటుంది, అరుణ్ కుమార్ అగర్వాల్ కేసు. చనిపోయింది ఆయన భార్య. ట్రిబ్యునల్ లెక్క కట్టి 6 లక్షలని తేల్చింది. తేల్చాక, ఆవిడ నిజంగా సంపాదించే మనిషి కాదు కదా అంటూ రెండున్నర లక్షలకి కోసేసింది. హైకోర్టు సరే అంది. సుప్రీంకోర్టు ఆ కోతని కొట్టేసి 6 లక్షలూ ఇప్పించింది. తల్లి, భార్య గడియారం చూసి పనిచేయరు, పగలూ రాత్రీ ఇంటికి కనిపెట్టుకునే ఉంటారు, పనిమనిషిని పెట్టుకున్నంత మాత్రాన ఆ లోటు తీరదు అన్నది ఆ తీర్పు సారం. అందులోనే జస్టిస్ గంగూలీ విడిగా రాస్తూ ఒక సంగతి ఎత్తిచూపారు: 2001 జనాభా లెక్కల్లో వంట, ఇంటి పనులు చేసుకునే ఆడవాళ్లని బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి ‘పని చేయనివాళ్లు’ కింద వేశారని. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మీకు అన్నిటికన్నా పనికొచ్చేది 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చిన కీర్తి కేసు తీర్పు. ఢిల్లీలో బైక్ మీద వెళుతున్న భార్యాభర్తలు ఇద్దరూ పోయారు, చిన్న కూతుళ్లు మిగిలారు. ఆ బెంచిలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ మనవాళ్లే, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. గృహిణి పని గురించి ఆయన విడిగా కొన్ని పేజీలు రాశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇంటి పనే ప్రధాన పని అని చెప్పుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలు. జనం రోజులో దేనికి ఎంత సమయం పెడతారో లెక్కించే 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు పెడితే మగవాళ్లు 97 నిమిషాలు. వంట, సరుకులు, ఇల్లు శుభ్రం, పిల్లలు, ముసలివాళ్లే కాక, పల్లెల్లో ఆడవాళ్లు నాట్లు, కోతలు, పశువుల పని కూడా చేస్తారని ఆయన ప్రత్యేకంగా రాశారు. మీ అమ్మగారి కేసుకి ఈ వాక్యం అచ్చంగా సరిపోతుంది. జీతం ఉన్న మనిషికి ‘ముందుముందు పెరిగేది’ అని కొంత శాతం కలిపినట్టే, గృహిణి పనికి కట్టిన ఊహా ఆదాయానికి కూడా కలపాలని ఆ కేసులో తేలింది. హైకోర్టు ఇద్దరికీ కలిపి ఇచ్చిన 22 లక్షలు 33 లక్షల 20 వేలయ్యాయి.

ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ కేసు ఒకదానిలో, గృహిణి ఆదాయాన్ని రోజుకూలీ కనీస వేతనం కన్నా తక్కువగా ఎలా వేస్తారని సుప్రీంకోర్టు అడిగింది. కాబట్టి ప్రమాదం జరిగిన నాటికి మీ ప్రాంతంలో అమల్లో ఉన్న కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ నోటిఫికేషన్ తీసి పిటిషన్‌కి జత చేయండి. అంతకన్నా కిందికి ఎవరూ లాగలేరు. పైకి ఎంత వెళుతుందన్నది మీరు పెట్టే సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది.

లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను. నెలకి 12,000 అని వేశారనుకోండి, ఇది కేవలం ఉదాహరణ. 40 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లకి 25 శాతం కలుపుతారు: 15,000. ఆధారపడినవాళ్లు మీతో కలిపి నలుగురు కాబట్టి ఆవిడ సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: 11,250. ఏడాదికి 1,35,000. 41 నుంచి 45 ఏళ్ల వయసుకి గుణకం 14. మొత్తం 18 లక్షల 90 వేలు. ఇదే 46 ఏళ్లయితే గుణకం 13, అంటే 1,35,000 తగ్గిపోతుంది. 40 లోపయితే 25 శాతానికి బదులు 40 శాతం కలుపుతారు, గుణకమూ పెరుగుతుంది. వయసు కాగితం గురించి అంతగా చెప్పింది అందుకే. దీనికి తోడు అంత్యక్రియల ఖర్చు, మనిషిని కోల్పోయినందుకు నాన్నగారికీ పిల్లలకీ విడివిడిగా కొంత, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ ఉంటాయి. మీకు ఉద్యోగం ఉండేది కాబట్టి మీరు ఆధారపడినవాళ్ల కిందికి రారని అవతలివాళ్లు వాదిస్తారు. వారసురాలిగా క్లెయిము వేసే హక్కు మీకు ఎలాగూ ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

ఇప్పుడు సాక్ష్యం. మీ కేసు నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. మనవాళ్లు పిటిషన్‌లో ‘వృత్తి: గృహిణి, ఆదాయం: నిల్’ అని రాయించేసి, బోనులోకి ఎక్కి అడిగినదానికల్లా అవునండీ అంటారు. అవతలి వకీలు గొంతు పెంచడు, చాలా మర్యాదగా అడుగుతాడు.

‘పొలం పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది?’ నా పేరునేనండి. ‘పాల బిల్లు ఎవరి ఖాతాలో పడేది?’ నా ఖాతాలోనే. ‘అయితే మీ భార్య పేరున ఏ ఆదాయమూ లేదు?’ లేదండి. ‘ఆవిడ ఇంటి దగ్గరే ఉండేవారు?’ అవునండి. ‘ఇప్పుడు వంట ఎవరు చేస్తున్నారు?’ మా అమ్మాయండి. ‘అంటే ఇంట్లో పనులు ఆగలేదన్నమాట.’

ఐదు ప్రశ్నలు, ఐదు నిమిషాలు కూడా పట్టదు. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఇరవై ఏళ్లు పైబడి రెండు గేదెల పని, పొలానికి కూలీలని పిలుచుకురావడం, ముసలావిడ మందులు, పిల్లల ఫీజులు అన్నీ మోసిన మనిషి రికార్డులో ఏమీ చేయని మనిషిగా మిగిలిపోతుంది. నాన్నగారు చెడ్డవారని నేననడం లేదు. కాగితాలన్నీ మగవాళ్ల పేరున ఉండే ఇళ్లలో ఆ జవాబులే వస్తాయి.

అందుకే నా క్లయింట్లకి ఒకటే చెబుతాను: ఆమె ఏం చేసేదో గుర్తు తెచ్చుకోవడం కష్టం, ఆమె పోయాక ఏమేం ఆగిపోయాయో రాయండి. మీ ఇంట్లో నాకు మొదట తట్టేది గేదెలు. అమ్మ పోయాక వాటిని అమ్మేశారా? పాలు పోయడం ఏ తేదీన ఆగింది? నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే, క్రమం తప్పకుండా పడే పాల బిల్లులు ఒక తేదీ దగ్గర ఆగిపోయి కనిపిస్తాయి. ఆ డబ్బు నాన్నగారి ఖాతాలో పడినా, పాలు పితికి, గడ్డి కోసి, పేడ ఎత్తి కేంద్రానికి మోసింది ఎవరో ఆ స్టేట్‌మెంటే చెబుతుంది. పాల కేంద్రం పుస్తకం, అక్కడ కొలిచే మనిషి సాక్ష్యం దానికి తోడు పెట్టండి. పొద్దున్నే క్యాను మోసుకొచ్చేది ఎవరో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

తర్వాత డ్వాక్రా. ఆమె సంఘంలో ఉంటే పొదుపు పుస్తకం, లోన్ వాయిదాలు కట్టిన రసీదులు తీయండి. నెల నెలా వాయిదా కట్టిన మనిషికి చేతిలో డబ్బు ఆడేదని దానర్థం. జాబ్ కార్డు మీద పనిదినాలు ఉంటే అవీ. ఇంట్లో కుట్టు మిషను, చీటీలు, పచ్చళ్లు, ఇలాంటివి ఏమున్నా సరే చెప్పండి.

ఆమె బదులు ఇప్పుడు డబ్బు పెట్టి ఏం కొంటున్నారో అది మరో మూట. కర్రీ పాయింట్ బిల్లులు, బట్టలు ఉతికే మనిషికి ఇచ్చేది, తమ్ముడిని హాస్టల్లో వేస్తే ఆ ఫీజు. ఇవన్నీ ఫోన్‌పేలో పంపితే స్క్రీన్‌షాట్లు దాచిపెట్టి నమ్ముకోకండి, బ్యాంకు నుంచి ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసుకోండి, గొడవ ఉండదు. ఆ పనిని బయట కొంటే ఎంతవుతుందో చూడటం, ఆ పని చేయకపోతే ఆమె బయట ఎంత సంపాదించేదో చూడటం, సంసారం సమాన భాగస్వామ్యం అనుకుని భర్త సంపాదనలో వాటా చూడటం అని మూడు పద్ధతులు కీర్తి తీర్పులో జస్టిస్ రమణ చెప్పారు. మీ కాగితాలు మొదటి పద్ధతికి బాగా ఆనుతాయి.

ఒక కేసులో పెద్దాయన ఒకరు గోడ క్యాలెండర్ చుట్టి సంచిలో పెట్టుకుని వచ్చారు. ఎందుకు తెచ్చారంటే ‘ఆవిడ రాతండీ, పారేయలేక’ అన్నారు. విప్పి చూస్తే ప్రతి తేదీ గడిలోనూ చిన్న అక్షరాలు: పాలు లీటరున్నర, గ్యాస్ బుక్ చేసిన రోజు, అత్తగారి బీపీ బిళ్లలు అయిపోయే తేదీ, పిల్లాడి బస్సు ఫీజు గడువు, చాకలికి ఇచ్చిన దుప్పట్లు. మనవరాలి టీకా తేదీ చుట్టూ ఎర్రటి గీత. దాన్ని ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా, మార్కు చేయించాను. అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు, అది కేవలం క్యాలెండరేనని. జడ్జిగారు దాన్ని చేతిలోకి తీసుకుని మూడు నెలల పేజీలు నెమ్మదిగా తిప్పారు. తీర్పులో ‘ఇంటి నిర్వహణ పూర్తిగా ఆమెదే’ అన్న మాటకి ఆధారంగా చూపింది ఆ క్యాలెండర్‌నే. మీ ఇంట్లో అలాంటిది ఉండొచ్చు. వంటింటి అలమరా తలుపు లోపలివైపు కూడా చూడండి, చాలామంది అక్కడ రాసుకుంటారు.

మీ నాన్నగారి మాట దగ్గరికి వస్తాను. ‘ఇంట్లో ఉండే మనిషికి లెక్కేంటి’ అన్నది ఆయన ఒక్కరి అభిప్రాయం అయితే మార్చడం తేలికే. దేశం లెక్కలే అలా ఉన్నాయి. మీ గేదె ఇచ్చిన పాలు, అమ్మినా ఇంట్లో తాగినా, జాతీయ ఆదాయం లెక్కలోకి వస్తాయి. ఆ పాలు కాచి, తోడు వేసి, మజ్జిగ చిలికి మీకు అన్నంలో పోసిన పని మాత్రం ఎక్కడా రాదు. గేదెకి ఉన్న గౌరవం చూశారా! 2024 టైమ్ యూజ్ సర్వేలో ఆడవాళ్ల ఇంటిపని 299 నిమిషాల నుంచి 289కి తగ్గిందని కొందరు సంతోషపడ్డారు. అదే సర్వేలో మగవాళ్లది 97 నుంచి 88కి తగ్గింది. అంటే ఆడవాళ్ల పనిని మగవాళ్లు పంచుకున్నందువల్ల తగ్గింది కాదది.

అయినా అక్కడక్కడ కదలిక ఉంది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, భర్త గల్ఫ్‌లో సంపాదిస్తే ఇక్కడ ఇల్లు, పిల్లల్ని చూసుకున్న భార్యకి ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సగం వాటా ఉందని తీర్పు ఇచ్చింది. ఆమె ఇల్లు చూసుకోబట్టే ఆయన అక్కడ నిశ్చింతగా సంపాదించగలిగాడన్నది దాని తర్కం. నాన్నగారికి ఇది చదివి వినిపించండి. పొలం పని ఆయన చేయగలిగింది ఇంటి వెనక ఎవరున్నందువల్లో ఆయనకీ తెలియంది కాదు. తెలిసినదాన్ని బోనులో చెప్పాలి, అంతే. చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాతపూర్వకంగా ఇచ్చే సాక్ష్యం) రాయకముందు వకీలు దగ్గర ఆయన్ని ఒక పూట కూర్చోబెట్టి, తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పడుకునేదాకా ఆవిడ ఏం చేసేదో వరసగా చెప్పించండి. వకీలు విసుక్కుంటే వకీలుని మార్చండి.

లోక్ అదాలత్‌లో సెటిల్ చేద్దామని కబురు వస్తుంది. తప్పేమీ లేదు, డబ్బు తొందరగా వస్తుంది. కానీ అక్కడ ఒప్పుకుంటే దాని మీద అప్పీలు ఉండదు. పైన చెప్పిన లెక్క మీ వకీలుచేత మీ వివరాలతో వేయించి, ఆ అంకె మీ దగ్గర పెట్టుకుని వెళ్లండి.

ఇక మీ గురించి. మీరు ఉద్యోగం మానేసిన సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ‘మా అమ్మాయి చేస్తోందండి’ అన్న జవాబుతో అవతలివాళ్లు నష్టం లేదని వాదిస్తారని పైన చెప్పాను కదా. ఆ వాదనకి జవాబు మీ రాజీనామా లెటరు, చివరి జీతం స్లిప్పు. అమ్మ చేసే పనికి బదులుగా ఈ ఇల్లు ఒక నెల జీతాన్ని ప్రతి నెలా పోగొట్టుకుంటోంది, అది కాగితం మీద ఉంది. వాటిని తప్పకుండా ఫైల్ చేయండి.

కేసు కోసమే కాదు, మీ కోసం కూడా ఒకటి చెబుతాను, వయసులో పెద్దవాణ్ని కాబట్టి. అమ్మ ఖాళీ చేసిన చోట ఎవరూ అడగకుండానే మీరు నిలబడ్డారు, ఇంట్లోవాళ్లకి అది కనిపించడం కూడా ఆగిపోయి ఉంటుంది. ఇంటర్ చదివే తమ్ముడికి అన్నం వండటం, గిన్నెలు తోమడం రాకపోవడానికి కారణం ఏమీ లేదు. వంట వాడికి, నాన్నగారికి పంచండి. నాయనమ్మని చూసుకోవడానికి పగటిపూట ఒక మనిషిని ఈ నెలలోనే మాట్లాడుకోండి, డబ్బు ప్రతి నెలా నాన్నగారి ఖాతా నుంచే పంపించండి. అవార్డు, అంటే పరిహారం ఇమ్మని ట్రిబ్యునల్ తీర్పు, వచ్చినప్పుడు నాయనమ్మ వాటాని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి నెల వడ్డీ ఇచ్చేలా ట్రిబ్యునల్‌ని అడగొచ్చు, ఆ మనిషి జీతం చాలావరకు అందులోంచే వెళ్లిపోతుంది. మీరు మళ్లీ హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకి అప్లై చేసుకోండి. వాయిదాలకి నాన్నగారు వస్తే చాలు, మీ సాక్ష్యం ఉన్న రోజు మాత్రం సెలవు పెట్టుకుని రండి.